ఇంప్లాంట్‌కి ముందు పళ్ళకి త్రీడీ స్కాన్: ఎప్పుడు కావాలి, ఎప్పుడు అక్కర్లేదు, ఏం అడగాలి

తమ్ముడూ, మీ ప్రశ్న మొత్తం చదివినా. అమ్మకి 58 ఏండ్లు, కింద కుడివైపు రెండు దవడపళ్ళు పోయి చానా కాలమైంది, ప్రొద్దుటూరులో చూపిస్తే ఇంప్లాంట్ వేద్దాం, ముందు త్రీడీ స్కాన్ తీపించుకుని రండి అన్నారు. ఓపీజీ ఎక్స్‌రే తీసినారు కదా మళ్ళీ ఇదెందుకు, రేడియేషన్ ఎక్కువంట, అమ్మకి షుగర్ ఉంది, తాళి తీయమంటే తీయనంటోంది, కువైట్‌లో ఉన్న అన్న అక్కడి డాక్టర్‌కి కూడా చూపిస్తానంటున్నాడు, ఏం చేయాల అని అడిగినారు. నేను ఓరల్ రేడియాలజీ చదివి అనంతపురంలో ఇవే స్కాన్లు చూసి రిపోర్ట్ రాసే పనిలో ఉన్నా, ఇవే అనుమానాలు రోజూ వింటా, కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తా, ఓపిగ్గా చదవండి.

ముందు ఓపీజీ సంగతి. అది పై దవడ, కింద దవడ, పళ్ళన్నీ ఒకే బొమ్మలో పరిచి చూపిస్తుంది, మొదటిసారి చూడ్డానికి చాలా మంచిది, రేడియేషన్ కూడా తక్కువ. కానీ అది చదునైన బొమ్మ. కడప బండని ఎదురుగా నిలబడి చూస్తే పొడవు, వెడల్పు తెలుస్తాయి గానీ మందం ఎంతో పక్కకొచ్చి చూస్తేనే కదా తెలిసేది, ఓపీజీలో దవడ ఎముక కూడా అంతే, ఎత్తు కనిపిస్తుంది, బుగ్గ వైపు నుంచి నాలుక వైపుకి ఎంత మందం ఉందో కనిపించదు. ఇంప్లాంట్ అంటే ఎముకలోకి దించే స్క్రూ, దానికి చుట్టూ ఎముక ఉండాల. పళ్ళు పోయి ఏండ్లు గడిస్తే ఎముక ముందు మందమే తగ్గుతుంది, ఎత్తు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది కానీ పైన కత్తి అంచులాగా సన్నబడి ఉంటుంది, ఓపీజీ చూసి ఎముక బ్రహ్మాండంగా ఉంది అనుకున్న కేసుల్లో త్రీడీలో చూస్తే పైన మూడు మిల్లీమీటర్లు కూడా లేనివి చాలాసార్లు చూసినా. ఇంకోటి, ఓపీజీలో కొలతలు అసలు సైజు కంటే పెద్దగా వస్తాయి, సుమారు 20, 25 శాతం ఎక్కువ, అది కూడా నోరంతా ఒకేలాగా కాదు, ముందుపళ్ళ దగ్గర ఒకలాగ వెనక ఒకలాగ, తల కొంచెం వంగితే ఇంకోలాగ. స్కేలు పెట్టి కొలవడానికి అది పనికిరాదు.

మీ అమ్మ కేసులో కొలతే ముఖ్యం. కింద దవడలో వెనకవైపు ఎముక లోపల ఒక సన్నని కాలువ ఉంటుంది, దాంట్లో నుంచి పెదవికి, గడ్డానికి స్పర్శ ఇచ్చే నరం పోతుంది. ఇంప్లాంట్ అడుగుకి, ఆ కాలువకి మధ్య కనీసం 2 మిల్లీమీటర్లు ఖాళీ ఉంచాలని చూస్తాం. డ్రిల్ దానికి తగిలితే ఆ వైపు పెదవి తిమ్మిరి పట్టినట్టుంటుంది, కొంతమందికి నెలల్లో పోతుంది, కొంతమందికి పోనే పోదు, అన్నం తింటుంటే మెతుకు పెదవి మీద ఉన్నా తెలియదు. దీనికి తోడు అదే చోట నాలుక వైపు ఎముక కింద లోపలికి గుంట పడి ఉంటుంది, కొందరికి తక్కువ, కొందరికి బాగా లోతుగా. నిటారుగా డ్రిల్ చేస్తే ఆ గుంట దగ్గర ఎముక దాటి బయటికి వచ్చేస్తుంది, అక్కడ రక్తనాళాలున్నాయి, నోటి కింద రక్తం చేరి వాపొస్తే శ్వాసకే ఇబ్బంది. ఈ గుంట ఓపీజీలో కనిపించే అవకాశమే లేదు. కాబట్టి మీ డాక్టర్ అడిగింది డబ్బు కోసం అనుకోవద్దండి, ఈ చోట ఇంప్లాంట్‌కి త్రీడీ అడక్కుండా నేరుగా వేస్తామంటేనే నేను ఒకసారి ఆలోచించమని చెప్తా.

అట్లని స్కాన్ రాసిన ప్రతిసారీ తలూపి తీపించుకోమని కాదు. స్కాన్ రాసినప్పుడు మీరు అడగాల్సిన మాట ఒకటే, మర్యాదగా అడగండి: "డాక్టర్ గారూ, ఈ స్కాన్‌లో మీరు ఏం చూడాలనుకుంటున్నారు, అది చూశాక ట్రీట్‌మెంట్‌లో ఏం మారుతుంది?" మంచి డాక్టర్ దీనికి నొచ్చుకోరు, నరం ఎంత దూరంలో ఉందో చూసి ఇంప్లాంట్ పొడవు డిసైడ్ చేస్తా అనో, ఎముక చాలకపోతే గ్రాఫ్, అంటే ఎముక పెరగడానికి పొడి లాంటిది వేయాలేమో చూస్తా అనో ఒక్క ముక్కలో చెప్తారు. "ఊరికే ఒకసారి మొత్తం చూద్దాం" అని మాత్రమే అంటే అప్పుడు ఆగి ఆలోచించండి.

ఆ జవాబును బట్టే స్కాన్ ఏరియా కూడా తేలుతుంది, ఇది పేషెంట్లకి ఎవరూ చెప్పరు. ఈ మెషీన్లలో ఎంత ఏరియా తీయాలో సెట్ చేసుకోవచ్చు: నాలుగైదు పళ్ళున్న చిన్న ముక్క, ఒక దవడ, రెండు దవడలు, ముఖమంతా. కింద కుడివైపు రెండు పళ్ళకి ఇంప్లాంట్ అయితే ఆ వైపు చిన్న ముక్కో, మహా అయితే కింద దవడో చాలు. చీటీ మీద ఉత్తి "సీబీసీటీ" (ఈ త్రీడీ స్కాన్ పేరే అది) అని రాసిస్తే సెంటర్‌లో రెండు దవడలూ తీసేస్తారు, రేటు ఎక్కువ, రేడియేషన్ ఎక్కువ. పైగా ఏరియా చిన్నదైతే బొమ్మ ఇంకా సన్నగా, వివరంగా తీసే వీలుంటుంది. అందుకని ఏ పన్ను, ఏ వైపు, ఎందుకోసం అని చీటీ మీద రాయించుకోండి, రిపోర్ట్ రాసే మాకు కూడా అది లేకపోతే దేనికోసం వెతకాలో తెలియదు.

ఇంక రేడియేషన్. ఉన్నది ఉన్నట్టు చెప్తా, భయపెట్టను, అసలేం లేదనీ అనను. దీని లెక్క మైక్రోసీవర్ట్‌లలో చెప్తారు. నోట్లో పెట్టి తీసే చిన్న ఎక్స్‌రే ఒకటికి పది లోపే. ఓపీజీ మెషీన్‌ని బట్టి సుమారు 10 నుంచి 25. త్రీడీ స్కాన్‌కి చాలా స్టడీలు కలిపి లెక్కేసిన ఒక పేపర్ 2015లో వచ్చింది, దాంట్లో పెద్దవాళ్ళకి సగటున చిన్న ఏరియాకి 84, మధ్యరకానికి 177, పెద్ద ఏరియాకి 212. ఇది సగటు, మెషీన్ పాతదై సెట్టింగ్ ఎక్కువ పెడితే దీనికి ఎన్నో రెట్లు కూడా పోతుంది, అన్నీ ఒకటే కాదు. ఇప్పుడు దీన్ని దేంతో పోల్చుకోవాల అంటే, మనం ఏ స్కాన్ తీపించుకోకపోయినా నేలనుంచి, ఆకాశం నుంచి, తిండినుంచి, గాలినుంచి మనిషికి ఏడాదికి ప్రపంచ సగటున 2400 మైక్రోసీవర్ట్‌లు వస్తానే ఉంటుంది, రోజుకి ఆరు, ఏడు. అంటే అమ్మకి తీసే చిన్న స్కాన్ సుమారుగా రెండు వారాల మామూలు రేడియేషన్. ఓపీజీ కంటే ఎక్కువే, అది నిజం. పెద్దాస్పత్రిలో పడుకోబెట్టి తీసే మామూలు సీటీలో దవడలు తీస్తే చాలాసార్లు దీనికంటే ఎక్కువ పడుతుంది.

ఇంటర్నెట్లో ఏడాదికి ఇంతే రేడియేషన్ లిమిట్ అని చూసి కొందరు కంగారు పడతారు, ఆ లిమిట్లు మాలాగ రోజూ దాంట్లో పనిచేసేవాళ్ళకి, చుట్టుపక్కల ఉండే జనానికి పెట్టినవి. పేషెంట్‌కి లిమిట్ అంటూ పెట్టలేదు, ఎందుకంటే అవసరమైన స్కాన్ ఆపితే జరిగే నష్టం ఇంకా పెద్దది, అందుకే పేషెంట్ విషయంలో చూసేది ఇది అవసరమా కాదా, అవసరమైతే ఎంత తక్కువలో పని అవుతుంది అనే రెండే. అక్కర్లేని స్కాన్ అయితే పది మైక్రోసీవర్ట్‌లు కూడా ఎక్కువే అని నేనంటా. మెషీన్ కొత్తది, మన మీద ప్రయోగం చేస్తున్నారేమో అని కూడా కొందరంటారు, అట్లాంటిదేం లేదు, 1990ల చివర్లో ఇటలీలో, జపాన్‌లో తయారైంది, అమెరికాలో 2001లో అనుమతి వచ్చింది, మన రాయలసీమ ఊర్లకి రావడం లేటైంది అంతే.

సెంటర్ విషయానికొస్తే, మన దేశంలో ఇట్లాంటి ఎక్స్‌రే మెషీన్ నడపాలంటే ఏఈఆర్‌బీ, అంటే అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్స్ ఉండాల. లైసెన్స్ ఉందా అని అడగడం మీ హక్కు, అడగండి. స్కాన్ తీసే టైంలో రూములో మీరు కూడా పక్కన నిలబడొద్దు, అమ్మకి తోడు కావాలనిపించినా బయటే ఉండండి, మధ్యలో గాజు కిటికీ ఉంటుంది, కనిపిస్తానే ఉంటారు. లెడ్ ఆప్రాన్ వేయలేదని కొందరు గొడవపడతారు. అమెరికా డెంటల్ అసోసియేషన్ 2024లో పళ్ళ ఎక్స్‌రేలకి ఆప్రాన్లు, థైరాయిడ్ కాలర్లు మామూలుగా అక్కర్లేదని చెప్పేసింది, ఇప్పుడు మెషీన్లలో కిరణాలు కావాల్సిన చోటికే పడేట్టు కట్టడి చేస్తారు కాబట్టి. మన దగ్గర ఇంకా చాలా చోట్ల వేస్తారు, వేస్తే వేయించుకోండి, కానీ మెడకి కాలర్ పెడితే కింద దవడ బొమ్మలో అడ్డమొచ్చి మళ్ళీ తీయాల్సొచ్చే ప్రమాదముంది, అది డబుల్ డోస్.

గర్భంతో ఉన్నవాళ్ళు ముందే చెప్పండి. దవడ స్కాన్‌లో కడుపు దాకా చేరేది లెక్కలోకి రానంత తక్కువే, అయినా ఇంప్లాంట్‌లాంటి తొందర లేని పనికి కాన్పు అయ్యేదాకా ఆగడమే మంచిది, వాపు, ఇన్ఫెక్షన్ లాంటి ఎమర్జెన్సీ అయితే డాక్టర్‌తో మాట్లాడి తీపించుకోవచ్చు, భయపడి నొప్పితో కూర్చోవద్దు.

పిల్లల విషయంలో మాత్రం నేను గట్టిగా ఉంటా. వాళ్ళ శరీరం ఇంకా పెరుగుతుంటుంది, రేడియేషన్ ప్రభావం పెద్దవాళ్ళకంటే ఎక్కువ, ముందు బతకాల్సిన ఏండ్లూ ఎక్కువ. క్లిప్పులు వేయడానికని ప్రతి పిల్లకీ, పిల్లాడికీ త్రీడీ తీయడం కరెక్ట్ కాదు, 2012లో యూరప్ వాళ్ళు ఇచ్చిన గైడ్‌లైన్స్ కూడా రొటీన్‌గా తీయొద్దనే చెప్తాయి. కోరపన్ను ఎముకలో అడ్డంగా ఇరుక్కుని పక్క పన్ను వేరుని తినేస్తుందేమో అని అనుమానం ఉంటే అప్పుడు తీయాల్సిందే, అది కూడా ఆ చిన్న ముక్క మాత్రమే.

జ్ఞానదంతం తీయించుకునేవాళ్ళలో కూడా అందరికీ అక్కర్లేదు. ఓపీజీలో ఆ పంటి వేరు నరం కాలువ మీద పడి నల్లగా కనిపించడమో, కాలువ తెల్ల గీత తెగినట్టు ఉండడమో, కాలువ పక్కకి వంగడమో ఉంటే అప్పుడు త్రీడీ పనికొస్తుంది, నరం వేరుకి ఏ వైపున ఉందో చూసుకుని సర్జన్ ప్లాన్ మార్చుకుంటారు. ఒక్కోసారి వేళ్ళ మధ్యలో నుంచే పోతుంటుంది, అట్లాంటప్పుడు పన్ను పై భాగం మాత్రమే తీసి వేళ్ళు అక్కడే వదిలేసే పద్ధతి కూడా ఉంది.

రూట్ కెనాల్ చేపించుకున్నాక కూడా నొప్పి పోని కేసుల్లో ఇది బాగా ఉపయోగపడుతుంది. పై దవడపంటికి బుగ్గ వైపు వేరులో రెండో సన్నని కాలువ చాలామందికి ఉంటుంది, మామూలు ఎక్స్‌రేలో ఒకదాని వెనక ఒకటి పడి కనిపించదు, అది మిగిలిపోతే నొప్పి, చీము మళ్ళీ వస్తానే ఉంటుంది. కానీ ఇక్కడ జాగ్రత్త ఒకటుంది. లోహం క్యాపు, వేరులో పెట్టిన పోస్టు, సిల్వర్ ఫిల్లింగ్, ఇవి స్కాన్‌లో చుట్టూ తెల్ల చారలు, నల్ల చారలు గీస్తాయి, ఆ నల్ల చార చూసి పన్ను పగిలింది తీసేయాల అంటే ఒక్క స్కాన్ మీదే నమ్మొద్దు, చిగురు పక్కన కొలిచి, పాత ఎక్స్‌రే చూసి అప్పుడు చెప్పాల. వేరు నిలువుగా చీలిందా లేదా అన్నది లోహం ఉన్న పంటిలో స్కాన్ ఖచ్చితంగా తేల్చలేదు, నేనైతే రిపోర్ట్‌లో అట్లనే రాస్తా.

దీంట్లో కనిపించనివి కూడా చెప్పాల. ఇది ఎముక, పన్ను చూపించే స్కాన్, మెత్తటి భాగాలు సరిగ్గా కనిపించవు. మన అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల్లో బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉన్న ఊర్లు చానా ఉన్నాయి, పళ్ళ మీద గోధుమ రంగు మచ్చలకి స్కాన్ తీయమని అడిగేవాళ్ళు వస్తారు, దానికిది పనికిరాదు, చూస్తేనే తెలిసిపోతుంది. చిన్న చిన్న పుచ్చులకి నోట్లో పెట్టే మామూలు ఎక్స్‌రే మేలు. గుట్కా, వక్క నమిలి నోరు తెరుచుకోనివాళ్ళకి ఈ స్కాన్ బయటనుంచే తీయొచ్చు కాబట్టి లోపల పళ్ళు, ఎముక చూడ్డానికి వీలుగా ఉంటుంది, కానీ నోట్లో పుండు రెండు వారాలు దాటినా మానకపోతే, తెల్ల మచ్చో ఎర్ర మచ్చో పోకుండా ఉంటే దానికి త్రీడీ స్కాన్ తీపించుకుని నార్మల్ అని వచ్చిందని ఇంట్లో కూర్చోవద్దండి, దండం పెట్టి చెప్తున్నా, ముక్క తీసి టెస్ట్‌కి పంపే డాక్టర్ దగ్గరికే పోండి, కడప గవర్నమెంట్ డెంటల్ కాలేజీలోనో మీకు దగ్గరున్న ఏ డెంటల్ కాలేజీలోనో ఓరల్ మెడిసిన్ డిపార్ట్‌మెంట్‌లో చూపించుకోండి. ఎముక ఎంత గట్టిగా ఉందో నంబర్ వేసి ఇచ్చే రిపోర్టులు కూడా వస్తున్నాయి, పెద్ద సీటీలో లాగా ఆ నంబర్లని ఈ మెషీన్లో గట్టిగా నమ్మలేం, అది చూసి భయపడాల్సిన పనీ లేదు, ధీమా పడాల్సిన పనీ లేదు.

స్కాన్ రోజు అమ్మకి చెప్పాల్సినవి. షుగర్ ఉన్నా ఇబ్బంది లేదు, ఇంజెక్షన్ ఏమీ ఉండదు, పరగడుపున రావాల్సిన పని లేదు, టిఫిన్ తిని మాత్ర వేసుకునే రమ్మనండి, ఖాళీ కడుపుతో వచ్చి కళ్ళు తిరిగితే అదే సమస్య. గుండెలో స్టెంటు, పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు కూడా తీపించుకోవచ్చు, ఇది ఎమ్మారై కాదు, అయస్కాంతం లేదు. గుహలోకి పోయినట్టు కూడా ఉండదు, నిలబడో కూర్చునో గడ్డం ఒక దిమ్మ మీద ఆనించి పెడతారు, తల చుట్టూ మెషీన్ ఒక రౌండ్ తిరుగుతుంది, 10 నుంచి 20 సెకండ్లలో అయిపోతుంది. ఆ కాసేపు కదలకూడదు, మింగకూడదు, నాలుక పైకి అంగిలికి ఆనించి మెల్లగా ముక్కుతో గాలి పీల్చుకోవాల. కదిలితే బొమ్మ రెండు గీతలుగా వస్తుంది, నరం ఎక్కడుందో కొలవలేం, మళ్ళీ తీయాల. తల వణికే పెద్దవాళ్ళుంటే ముందే చెప్పండి, కూర్చోబెట్టి తలకి పట్టీ కట్టి తీస్తాం.

కమ్మలు, ముక్కుపుడక, జడపిన్నులు, కళ్ళజోడు, చెవి మిషన్ తీసేయాల. తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళు ఉంటే తీసేయాల, కానీ ఇంటి దగ్గర వదిలేసి రావద్దు, ఇంప్లాంట్ ప్లానింగ్‌కి ఒక్కోసారి పెట్టుకునే తీయాల్సి వస్తుంది. ఇంక తాళి. దీని మీద మా దగ్గర రోజూ మాటొస్తుంది, ఆడవాళ్ళు కండ్లనీళ్ళు పెట్టుకున్న సందర్భాలున్నాయి, అది వాళ్ళ మనసుకి సంబంధించింది, తేలిగ్గా తీసిపారేసే విషయం కాదు. అమ్మకి చెప్పండి, తీయాల్సిన పని చాలాసార్లు రాదు, దవడ చిన్న ముక్క తీసేటప్పుడు మెడ కింద ఉండేది బొమ్మలోకి రాదు, పొడుగు సరుడు అయితే జాకెట్ లోపలికి కిందికి జరిపి పెట్టుకుంటే సరిపోతుంది. మెడకి అతుక్కుని ఉండే పొట్టి గొలుసులు అయితే కింద దవడలో అడ్డమొస్తాయి, అవి తీయాల. సెంటర్ వాళ్ళు అన్నీ తీసేయమంటే ముందు ఏరియా అడిగి, కిందికి జరిపితే సరిపోతుందా అని మాట్లాడండి, లేదంటే పసుపుతాడు కట్టుకుని వచ్చి, గొలుసు ఇంట్లో పెట్టి వచ్చేవాళ్ళూ ఉన్నారు, అది బాగా కుదురుతుంది.

స్కాన్ అయినాక రెండు వస్తువులు లేకుండా బయటికి రావద్దు, ఒకటి రాతపూర్వకమైన రిపోర్ట్, రెండు అసలు డేటా. రిపోర్ట్ ఎందుకంటే, ఇంప్లాంట్ వేసే డాక్టర్ తనకి కావాల్సిన చోటే చూస్తారు, అది సహజం, కానీ తీసిన ఏరియాలో ఉన్నదంతా ఎవరో ఒకరు చూడాల. పై దవడ స్కాన్‌లలో సైనస్ నిండిపోయి ఉండడం, దవడలో ఎవరికీ తెలియని నీటితిత్తి పెరుగుతుండడం, ఎప్పుడో విరిగి లోపలే మిగిలిన వేరు ముక్క, ఇవన్నీ ఇంకో పనికోసం తీసిన స్కాన్లలోనే బయటపడినవి చూస్తుంటాం. ఓరల్ రేడియాలజీలో ఎండీఎస్ (పళ్ళ డాక్టర్ల పీజీ) చేసినవాళ్ళు సంతకం పెట్టిన రిపోర్ట్ అడగండి.

డేటా విషయంలో మన దగ్గర చానామంది మోసపోతున్నారు అనలేను గానీ నష్టపోతున్నారు. పెద్ద షీటు మీద పది బొమ్మలు ప్రింట్ వేసి ఇస్తారు, అది చేతిలో పట్టుకుని కర్నూలు పోతే అక్కడి డాక్టర్ దీంతో నేను కొలవలేను మళ్ళీ తీపించండి అంటారు, మళ్ళీ డబ్బు, మళ్ళీ రేడియేషన్. వాట్సాప్‌లో ఫోటో పంపితే కూడా అదే గతి. "డైకామ్ ఫైల్స్ మొత్తం ఇవ్వండి" అని అడగండి, డబ్బు కట్టి తీపించుకున్నారు కాబట్టి అది మీదే. వందల చిన్న ఫైళ్ళున్న ఫోల్డర్ అది, కొన్ని వందల ఎంబీలు ఉంటుంది, సీడీ కంటే పెన్‌డ్రైవ్ మేలు, ఇప్పుడు లాప్‌టాప్‌లకి సీడీ పెట్టే చోటే ఉండట్లేదు. ఏ కంపెనీ మెషీన్ మీద తీసినా ఏ దేశంలోనైనా తెరుచుకుంటుంది, కాబట్టి అన్న కోసం కువైట్‌లో మళ్ళీ తీయాల్సిన పని లేదు. ఆ ఫోల్డర్‌లో నుంచి ఒకటి రెండు ఫైళ్ళు ఏరి పంపితే స్కాన్ మొత్తం తెరుచుకోదు, మొత్తాన్ని జిప్ చేసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింక్ పంపండి, రిపోర్ట్ కూడా దాంట్లోనే పెట్టండి. అన్న లీవు తక్కువ రోజులైతే స్కాన్ ఇప్పుడే తీపించేసి డాక్టర్లిద్దరినీ మాట్లాడుకోనివ్వండి, పళ్ళు పోయి ఏండ్లయింది కాబట్టి ఒకటి రెండు నెలల్లో అక్కడి ఎముక పెద్దగా మారదు, ఈ స్కాన్ పనికొస్తుంది. అదే ఇప్పుడు కొత్తగా ఇంకో పన్ను పీకిస్తే ఆ చోటు మానేదాకా మూడు నాలుగు నెలలు ఎముక మారుతూనే ఉంటుంది, ఆ పంటికి ముందు తీసిన స్కాన్ చాలదు, అది డాక్టర్‌కి గుర్తు చేయండి.

చీటీ మీద "కింద కుడివైపు, ఇంప్లాంట్ కోసం" అని రాయించుకుని, ఆ వైపు మాత్రమే తీయమని చెప్పి తీపించండి. రిపోర్ట్ వచ్చినాక అమ్మ పేరు, వివరాలు కొట్టేసి పెడితే చూసి చెప్తా, నరం పైన ఎత్తు ఎంత రాసినారో, పైన మందం ఎంత రాసినారో ఆ రెండు నంబర్లు కనిపించేట్టు పెట్టండి.